బోడికోడి లాభం ఎవరి జేబులోకి?

ఎండలు ముదిరితే చాలు, వేడికి తట్టుకునే కోడి ఇదేనంటూ ఆ ఫొటో మళ్లీ ఫోన్లలో తిరుగుతుంది. ఒంటి మీద ఒక్క ఈక లేకుండా, ఎర్రటి తోలుతో నిలబడిన కోడి. ఇజ్రాయెల్‌లో అవిగ్డోర్ కహానెర్ అనే శాస్త్రవేత్త 2002లో లోకానికి చూపించిన బ్రాయిలర్ అది. ఆ బోడితనం మాత్రం అంతకన్నా పాతది. 1954లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కోళ్లలో దానంతటదే పుట్టింది, తర్వాత మామూలు సంకరంతోనే బ్రాయిలర్లలోకి తెచ్చారు. కాబట్టి జన్యుమార్పిడి అని గోల పెట్టేవాళ్లు కాస్త ఆగొచ్చు. నా అభ్యంతరం అది కాదు.

విశాఖ దగ్గర ఆనందపురం వైపు కోళ్ల షెడ్డు నడుపుతున్న మా బావమరిదికి ఆ ఫొటో చూపించాను. కాసేపు చూసి, "ఈకల్లేకపోతే మరి రాత్రేటి కప్పుతాం బావా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నే ఈ వ్యాసం.

అటువైపు వాదనలో పస లేదని అనను. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైమాట. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దారి. మన సముద్రపు గాలిలో తేమకు ఆ రొప్పడమూ సరిగా పనిచేయదు, నీటి తుంపర చల్లే ఫాగర్లు వేస్తే షెడ్డులో ఉక్క ఇంకా పెరుగుతుంది. ఈకలు లేకపోతే వేడి తోలు నుంచే బయటికి పోతుంది. వేడి గదుల్లో పెంచి చూసినప్పుడు ఈకలున్న బ్రాయిలర్లు మేత తగ్గించి వెనకబడ్డాయి. బోడివి పెరిగాయి, రొమ్ము మాంసం కూడా బాగా పట్టాయి. ఈకలకు పోవాల్సిన ప్రొటీన్ కండకు మిగులుతుంది. ఇదంతా నిజమే.

పీకే పని తప్పుతుందని ఇంకో లాభం చెబుతారు. కోళ్లను వేడినీళ్లలో ముంచి, మిషన్లతో ఈకలు ఊడగొట్టే పెద్ద ప్లాంట్లకు అది ఖర్చే. మనకో? ఆదివారం పొద్దున్నే కంచరపాలెంలోనో మధురవాడలోనో చికెన్ షాపు ముందు నిలబడండి. స్కిన్‌లెస్ అడిగితే తోలూ ఈకా కలిపి ఒక్క లాగుడు లాగుతాడు. ఈకలు లేకపోయినా లాగేది ఆ తోలునే కదా! ఇక మన కోడి షాపు దాకా ప్రాణంతోనే రావాలి. రాత్రంతా వ్యానులో, ప్లాస్టిక్ ట్రేలలో కుక్కి తెస్తారు. ఒకదాని గోళ్లు ఇంకోదానికి గీసుకోకుండా అడ్డుపడేవి ఈకలే. గాట్లు పడిన ఎర్రతోలు కోడిని చూసి కొనేవాడు రోగం కోడి అనుకోడా? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అనగానే జనం చికెన్ వైపు చూడ్డమే మానేశారు. కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నానంటారేమో. కోడికే లేవంటుంటే గుడ్డు దాకా ఎందుకు!

అసలు విషయం లెక్కలో ఉంది. మా బావమరిది లాంటివాళ్లు పెంచేది కంపెనీ కోడిని. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందులూ కంపెనీవే. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కూలి మాత్రం రైతువి. చివర్లో కోళ్లను తూకం వేసి కిలోకి ఇంతని గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. ఈ లెక్కలో బోడికోడిని పెట్టి చూడండి. బ్రాయిలర్ పిల్లను మొదటి వారం 32, 33 డిగ్రీల వేడిలో ఉంచాలి. ఈకలు వచ్చేకొద్దీ బల్బులు తగ్గిస్తారు. ఈకలే రాని పిల్లకు బల్బు ఎప్పుడు తీయాలి? బ్యాచ్ మొత్తం ఆరు వారాలైతే అందులో ఎన్ని రాత్రులు వెలగాలి? తుపాను వానలకు షెడ్డులోకి చలిగాలి కొడితే? దోమ కుట్టకుండా, ఎండ నేరుగా తగలకుండా చూసుకోవాల్సింది ఎవరు? దాణాలో మిగిలిన ప్రొటీన్ కంపెనీ ఖాతాలో పడుతుంది, కరెంటు బిల్లు రైతు ఇంటికొస్తుంది. వేసవిలో చచ్చే కోళ్లు తగ్గితే రైతుకూ మేలే కదా అంటారు. మేలే, కానీ ఆ మేలు చలికాలం బ్యాచ్‌లో వడ్డీతో సహా పోతుంది. పైగా ఈకల్లేని పుంజు రెక్కలు కొట్టి నిలదొక్కుకోలేదు, పెట్టతో జతకట్టడానికే తంటాలు పడుతుంది. అలాంటి జాతి పిల్ల కోసం రైతు ఎప్పటికీ హేచరీ గుమ్మం దగ్గరే నిలబడాలి.

మధ్యదారి లేదా అంటే, ఉంది. మెడ మాత్రమే బోడిగా ఉండే కోళ్లు మన దేశంలోనే ఉన్నాయి. ఒంటి మీద ఈకలు కొంత పలచనై వేడి పోతుంది, అవసరమైనంత కప్పూ మిగులుతుంది. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం ఆ గుణంతో కారిబ్రో ట్రాపికానా అనే బ్రాయిలర్‌నే తయారుచేసింది. సర్కారు డబ్బుతో పుట్టిన ఆ కోడి గురించి వాట్సాప్‌లో ఒక్క ఫొటో రాదు.

ఇంతకీ షెడ్డులో ఆ వేడి ఎక్కడిది? ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాలని తీర్చిదిద్దిన కోడి పొయ్యిలా కాగుతూనే ఉంటుంది. దాన్ని ఇంచుమించు చదరపు అడుగుకొకటి చొప్పున సిమెంటు రేకుల కింద నింపుతాం. తట్టుకోలేకపోతే ఈకలు తీసేద్దాం అంటాం. కప్పు జోలికి మాత్రం పోం. ఇది కోళ్ల సంగతేనా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను కూల్చేసింది. ఆ నీడను తిరిగి పెంచుకోవడం కన్నా ఏసీ కొనుక్కోవడం సులువనిపించింది మనకు. అది వదిలే వేడిగాలి కింద ఇస్త్రీబండి మనిషికి కొడుతుంది. మధ్యాహ్నం బయటికి రావొద్దు, మజ్జిగ తాగండి అని ఏటా సలహా ఇస్తారు. జ్ఞానాపురం మార్కెట్లో మూటలు మోసే మనిషి రాకుండా ఎలా ఉంటాడు? కప్పు కింద ఉన్నవాళ్లే సర్దుకోవాలన్నమాట, మనుషులైనా కోళ్లైనా.

మా బావమరిది ఈ వేసవిలో రేకుల మీద సున్నం కొట్టించి, తాటాకు పరిపించాడు. డబ్బులు అతనివే. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి, బాగుందని మెచ్చుకుని, ఫొటో తీసుకుని వెళ్లాడు.