రోడ్డు లేని ఊరికి రూట్ మ్యాప్

ప్రణాళికా సంఘాన్ని 2015లో ఎత్తేసి నీతి ఆయోగ్ పెట్టారని ఇప్పటికీ దిగులుపడే పాతకాలపువాళ్ళు కొందరున్నారు. వాళ్ళు ఆ దిగులు మానుకోవచ్చు. సంఘం ఎక్కడికీ పోలేదు. బెజవాడ సత్యనారాయణపురంలో, మూడో అంతస్తులో, మా భోజనాల బల్ల చుట్టూ నిక్షేపంగా నడుస్తోంది. ఢిల్లీ సంఘానిది ఐదేళ్ళ ప్రణాళిక. మాది రెండు రోజులది. అందుచేత మాదే కష్టమైన పని. ఐదేళ్ళలో పొరపాటు జరిగితే మధ్యంతర సమీక్ష అని ఒకటి పెట్టుకోవచ్చు. రెండు రోజుల్లో మధ్యంతరం అంటే రాత్రి నిద్రే.

విషయం ఇది. సియాటిల్‌లో ఉన్న మా అబ్బాయి ఉగాదినాడు ఫోన్ చేసి, "జూన్‌లో వస్తున్నారుగా నాన్నా, ఈసారి మాల్సూ గుళ్ళూ కాదు, ఎక్కడైనా ప్రశాంతంగా ఉండే చోటికి తీసుకెళ్తా" అన్నాడు. ప్రశాంతత అనే మాటని మా ఇంట్లో అంతవరకూ లేదని చెప్పడానికి తప్ప ఎవరూ వాడలేదు. వాడు చెప్పిన ఊరు స్టెహీకిన్. వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ కొండల నడుమ, షెలాన్ అనే సరస్సు పై కొసన ఉంది. సియాటిల్ నుంచి కారులో మూడు గంటల పైచిలుకు పోతే సరస్సు కింది కొస వస్తుంది. అక్కణ్ణించి పై కొసకి పడవలో పోవాలి, లేదా నీళ్ళమీద వాలే చిన్న విమానంలో పోవాలి, అదీ కాదంటే కొండలెక్కి దిగి నడవాలి. సరస్సు పొడవు ఎనభై కిలోమీటర్లు. బెజవాడలో బయల్దేరితే బందరు దాటి సముద్రంలో దిగినంత. నిదానపు పడవకి నాలుగు గంటలు, తొందర పడవకి రెండున్నర.

సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. జలవనరుల శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను గనక నీళ్ళతో ముడిపడిన ఏ యాత్రకైనా నేనే అధ్యక్షుణ్ణి. ఆహారం, ఆరోగ్యం, ఆర్థికం, వీటో మా ఆవిడవి. విదేశాంగం గుంటూరు వియ్యంకుడుగారిది. ఆయన అలాస్కా ఓడ ఎక్కి వచ్చారు, ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకుంటారు. బెజవాడలోనే సింగ్‌నగర్‌లో ఉండే మా బావమరిది ప్రత్యేక ఆహ్వానితుడు. అంటే కాఫీ ఇస్తాం, ఓటు ఇవ్వం.

అబ్బాయితో సమావేశాలు పొద్దున ఏడున్నరకి. వాడికప్పుడు ముందురోజు రాత్రి ఏడు. పన్నెండున్నర గంటల తేడా. మేం తీర్మానం చేసే పూటకి వాడు నిన్నట్లో ఉంటాడు. దీనివల్ల ఒక సౌకర్యం ఉందని వియ్యంకుడుగారు గమనించారు: మన నిర్ణయాలు వాళ్ళకి ఎప్పుడూ ఒకరోజు ముందే అందుతాయి.

మొదటి సమావేశంలో నేను సరస్సు మీద నివేదిక సమర్పించాను. మా శాఖవాళ్ళకి నీళ్ళలో అందం కనపడదు, టీఎంసీలు కనపడతాయి. షెలాన్‌లో నీళ్ళు కోటీ యాభై ఎనిమిది లక్షల ఎకరా అడుగులు, అంటే అన్ని ఎకరాల మీద అడుగెత్తున నిలిచే నీళ్ళు. మన లెక్కలోకి మారిస్తే దాదాపు 690 టీఎంసీలు. శ్రీశైలం 215, నాగార్జునసాగర్ 312, రెండూ నిండుకుండల్లా ఉన్నప్పుడు కలిపినా 527. రెండు రాష్ట్రాలు, ఒక ట్రిబ్యునల్, ఒక బోర్డు, లెక్కలేనంతమంది వకీళ్ళు తరాల తరబడి కొట్టుకునే నీళ్ళకంటే ఎక్కువ నీళ్ళు, ఏడాది పొడుగునా వందమంది కూడా ఉండని ఊరి ముందు ఊరికే పడి ఉన్నాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లోతు 1,486 అడుగులు. ఒకప్పుడు మంచునది కొండల్ని తొలుచుకుంటూ పోయి చేసిన లోయ అది. నీటిమట్టం సముద్రానికి 1,100 అడుగుల ఎత్తున ఉంది గనక, తీసివేత చేస్తే సరస్సు అడుగు సముద్రమట్టానికి 386 అడుగుల కింద తేలుతుంది. కొండమీద ఉన్న చెరువు అడుగు సముద్రం కింద ఉండటం మా సర్వీసులో చూడలేదు. 1927లో ఆనకట్ట కట్టి మట్టాన్ని 21 అడుగులు లేపారు. వాడకం ఆ పై 21 అడుగులదే. మిగిలిన 1,465 అడుగులూ డెడ్ స్టోరేజీ. ఇలాంటి డిజైను పట్టుకొచ్చిన అసిస్టెంట్ ఇంజనీరుని మా రోజుల్లో అయితే కాలవ పూడికతీతకి పంపేవాళ్ళం.

"అన్నీ బాగానే ఉన్నాయి. ఒడ్డున లైఫ్ జాకెట్ ఇస్తారా?" అంది మా ఆవిడ. నివేదికని ఆమోదించినట్టు మినిట్స్‌లో రాశాను.

రెండో సమావేశం రోడ్డు మీద. అంటే రోడ్డు లేకపోవడం మీద. స్టెహీకిన్ అనేది అక్కడి ఆదివాసుల మాట. దాటిపోయే దారి అని అర్థం. పేరులో దారి ఉంది, ఊరికి లేదు. ఇందులో వింతేముంది, మన దగ్గర కూడా వందడుగుల రోడ్డు పేరులోనే ఉంటుంది అన్నాడు బావమరిది. అయితే ఊరి లోపల మాత్రం రోడ్డు ఉంది, దానిమీద కార్లూ ఉన్నాయి. వాటిని బల్లకట్టు మీద సరస్సు దాటించి దింపారు. వేసవిలో ఎర్రబస్సు ఒకటి లోయలోకి తిరుగుతుంది. 2003లో వరదొచ్చి ఆ ఉన్న రోడ్డు ఎగువ భాగాన్ని ఊడ్చుకుపోతే, పోయింది పోయిందని వదిలేశారు. ఇరవై ఏళ్ళు దాటింది. శంకుస్థాపన లేదు, రాస్తారోకో లేదు. రాస్తారోకోకి మాత్రం ముందు రోడ్డు ఉండాలి కదా, అది వేరే సంగతి.

ఆ ఎర్రబస్సు దగ్గర మా ఆవిడ ఆగిపోయింది. మన వైపు ఎర్రబస్సెక్కి వచ్చాడంటే లోకం తెలియనివాడని. అక్కడ ఆ బస్సెక్కేవాళ్ళలో కొందరు మెక్సికో సరిహద్దు దగ్గర నడక మొదలుపెట్టి కెనడా దాకా 2,650 మైళ్ళు పోయేవాళ్ళు. పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అని ఆ కాలిబాట పేరు. కెనడా చేరేముందు వాళ్ళకి దొరికే ఆఖరి ఊరు ఇదే. నెలల తరబడి నడిచొచ్చి, బస్సెక్కి, బేకరీ దగ్గర దిగి, దాల్చినచెక్క పొడి చల్లి చుట్టిన అరచెయ్యంత రొట్టె తింటారు. అబ్బాయి ఇదంతా చాలా ఉత్సాహంగా చెప్పాడు.

"వాళ్ళ ఇళ్ళల్లో అడిగేవాళ్ళు లేరురా?" అంది మా ఆవిడ.

రొట్టెలో గుడ్డు ఉంటుందా లేదా అన్న విషయం మీద మూడు సమావేశాలు జరిగాయి. తేలలేదు గనక స్వయంసమృద్ధి విధానం పాటించాలని తీర్మానం. రెండు రోజులకి, నలుగురికి, ఈ కింది సరుకు: పులిహోర, దద్ధోజనం, కందిపొడి, గోంగూర పచ్చడి, చల్లమిరపకాయలు, బుల్లి కుక్కరు, దాని ప్లగ్గుకి తగిన పిన్ను, ఆ పిన్ను పనిచెయ్యకపోతే ఇంకో పిన్ను, అటుకులు. ఆవకాయ విషయంలో మాత్రం అబ్బాయి అడ్డం తిరిగాడు. ఆ లోయలో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయట. పాత ఆపిల్ తోట ఒకటి ఉంది ఊళ్ళో, కాపుకొచ్చే వేళకి అవి పళ్ళకోసం దిగుతాయి. తిండి వాసన బయటికి రాకుండా దాచుకోవాలని నియమం. ఆవకాయ వాసన దాచడం మానవమాత్రుల వల్ల అయ్యే పని కాదు. "ఒక్కసారి తింటే మళ్ళీ రాదులే ఆ ఎలుగుబంటి" అన్నారు వియ్యంకుడుగారు. గుంటూరువాళ్ళకి తమ కారం మీద ఉన్న నమ్మకం అలాంటిది.

వియ్యంకుడుగారి అసలు ప్రశ్న వేరే. "బావగారూ, అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" ఇది పర్యాటక శాస్త్రంలో మూలప్రశ్న. కొండా, సరస్సూ, మూడువందల పన్నెండు అడుగుల జలపాతం, ఇవన్నీ తరవాత. (312. సాగర్ టీఎంసీలూ 312. ఇది కాకతాళీయం కాదని మా ఆవిడ నమ్మకం.) వందలోపు జనాభాలో మనవాళ్ళు లేరని అబ్బాయి తేల్చి చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. నరసరావుపేటవాడు ఒక్కడైనా లేని ఊరు భూమ్మీద ఉండదని ఆయన సిద్ధాంతం. వాకబు చేయించి చెబుతానన్నారు. రెండు నెలలైంది, వాకబు నడుస్తోంది.

ముహూర్తం సంగతి క్లుప్తంగా చెప్తాను. రాహుకాలం బెజవాడ సూర్యుడి ప్రకారం చూడాలా, సియాటిల్ సూర్యుడి ప్రకారమా అని అడిగితే, టికెట్ డబ్బులు ఎక్కడివైతే అక్కడి సూర్యుడని సిద్ధాంతిగారు సెలవిచ్చారు. అంతకంటే స్పష్టమైన తీర్పు నేను ఏ ట్రిబ్యునల్లోనూ వినలేదు.

ఇంతవరకూ సాఫీగా నడిచిన ప్రణాళిక సెల్‌ఫోన్ దగ్గర కూలింది. స్టెహీకిన్‌లో సిగ్నల్ ఉండదు. తక్కువగా కాదు, అసలు ఉండదు. అబ్బాయి దీన్ని సుగుణం కింద చెప్పాడు. బల్ల చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ రోజూ పొద్దున ఐదున్నరకి పదకొండు గ్రూపులకి శుభోదయం పంపుతుంది. పదేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు, మోకాలి ఆపరేషన్ రోజున కూడా థియేటర్లోకి తీసుకెళ్ళేముందు పంపింది. ఒకరోజు రాకపోతే జ్వరమా అని అడుగుతారు. రెండు రోజులు రాకపోతే బయల్దేరి వస్తారు. మా అపార్టుమెంటు గ్రూపు ఒక్కదానిలోనే నూట ఇరవైమంది, అంటే స్టెహీకిన్ ఊరంతా పట్టి ఇంకా కుర్చీలు మిగులుతాయి.

"సరుకులకేం చేస్తారురా మరి వాళ్ళు?" అని అడిగింది. చీటీ రాసి పడవలో పంపితే, కింది ఊళ్ళో కొట్టువాళ్ళు కట్టి మళ్ళీ పడవలో వేసే పద్ధతి ఉండేదట. మా నాన్నగారు గవర్నర్‌పేట కొట్టుకి నాచేత చీటీ పంపినట్టే. కందిపప్పు రెండు శేర్లు, బెల్లం వీశె, ఖాతాలో రాసుకోవలెను. ఇప్పుడు మా వీధిలో కొత్తిమీర కట్ట పది నిమిషాల్లో రాకపోతే ఒక్క స్టారు ఇస్తున్నాం. అబ్బాయి దాన్ని అద్భుతం అన్నాడు. పడవ వస్తేనే పాలు, పడవ వస్తేనే ఉత్తరం, ఎంత హాయి నాన్నా అన్నాడు.

అప్పటిదాకా కాఫీ తాగుతున్న ప్రత్యేక ఆహ్వానితుడు నోరు విప్పాడు.

"పడవ వస్తేనే పాలొచ్చే ఊరు నేను చూశాను బావా. సింగ్‌నగర్. దానికి వీసా కూడా అక్కర్లేదు."

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళు వాళ్ళ వీధిలోకొచ్చాయి. అదే వారంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులొస్తే, నేను రిటైరైనా ఆగలేక గట్టుమీదికి పోయి నిలబడి అంకెలు రాసుకున్నాను. బావమరిది రాసుకోలేదు. మొదటి అంతస్తు మెట్లమీద కూచుని మెట్లు లెక్కపెట్టాడు: పొద్దున తొమ్మిది కనపడేవి, సాయంత్రానికి ఐదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. రోడ్డుమీద పడవలు. ఆకాశంలోంచి డ్రోను పులిహోర పొట్లాలు దించింది. బావమరిది వాటా పక్క డాబా మీద పడింది. ఎలుగుబంట్లు తప్ప స్టెహీకిన్‌లో ఉన్న సౌకర్యాలన్నీ ఉన్నాయి. నాలుగో రోజున ఎవరో ఫోన్ ఛార్జి చేసి ఇస్తే తెరిచాడు. మూడువందల చిల్లర మెసేజీలు. వాటిలో బాగున్నావా అని అడిగినవి ఆరు. మిగిలినవి శుభోదయాలు. మా ఆవిడవి నాలుగూ ఉన్నాయి, ఒకదాంట్లో నిండుగా పారే సెలయేరు బొమ్మ.

"అది ముందురోజు రాత్రే పెట్టి ఉంచుకున్నదిరా" అంది మా ఆవిడ, చాలా మెల్లగా.

ఆ సమావేశం మినిట్స్ నేను రాయలేదు.

తరవాత వారం సంఘం మళ్ళీ కూచుంది. ప్రయాణం మానేద్దామా అన్నది అజెండాలో లేదు. టికెట్లు కొన్నాక మానడం మా వంశంలో లేదు. పొద్దున వెళ్ళి, కాసేపు ఒడ్డున తిరిగి, సాయంత్రానికి వెనక్కొచ్చే వీలు కూడా ఉందని నేను తవ్వి తీశాను. అంత దూరం పోయి పడవ దిగిన చోటే నిలబడి రావడమా అని అబ్బాయి నొచ్చుకున్నాడు. రాత్రి ఉండాల్సిందేనట. చీకట్లో నక్షత్రాలు అద్భుతంగా ఉంటాయట. బావమరిది ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, "తిరుగు పడవ ఎన్నింటికి?" ఇన్ని సమావేశాల్లో ఆ ప్రశ్న అధ్యక్షుడికి తట్టలేదు. దాన్ని ఎర్ర సిరాతో రాసుకున్నాను.

మిగిలింది శుభోదయాల సమస్య. మా ఆవిడ పాత ఫోను, పదకొండు గ్రూపులతో సహా, ఆ రెండు రోజులకి ఎవరికైనా అప్పగించాలి. పొద్దున్నే లేచేవాడై ఉండాలి, అనుమానం రాకుండా పంపగలవాడై ఉండాలి. వియ్యంకుడుగారు తొమ్మిదింటిదాకా లేవరు. అందరం ఒకవైపే చూశాం.

బావమరిది కప్పు కింద పెట్టాడు. ఫోను తీసుకుని, అద్దం మీద గీతలు తుడిచి, ఛార్జి ఎంతుందో చూశాడు.

"సరే. సెలయేళ్ళు మాత్రం పెట్టనక్కా. దేవుడి బొమ్మలా, పువ్వులా?"