అప్పన్నకిచ్చిన కోడెకు పనెక్కడ?

సింహాచలం కొండ కింద ఉదయం పూట కాసేపు నిలబడితే ఈ దృశ్యం కంటపడుతుంది. సరకుల ఆటోలో నాలుగు కాళ్లూ వణుకుతూ నిలబడ్డ కోడెదూడ, నుదుట పసుపు, మెడలో బంతిపూల దండ. పక్కనే మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబం. ఉత్తరాంధ్రలో తొలి కోడెదూడ సింహాద్రి అప్పన్నదే అనుకునే ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. దూడను అప్పగించి, దండం పెట్టుకుని, కుటుంబం కొండెక్కుతుంది. దూడ తల్లి కోసం అరుస్తూ కిందే ఉండిపోతుంది.

ఆ భక్తిని నేను శంకించను. కానీ ఆ మొక్కు పుట్టిన రోజుల్లో కోడె అంటే ఇంటికి ఆస్తి. మూడేళ్లు తిరిగేసరికి కాడి కిందికొచ్చే జీవం. ఇంట్లో ఉన్నవాటిలో విలువైనదాన్ని దేవుడికి ఇచ్చుకోవడం త్యాగం. ట్రాక్టరు వచ్చాక అదే కోడె భారమైంది. మొక్కు మాట మారలేదు, దాని అర్థం మాత్రం తిరగబడింది. వదులుకోలేనిదాన్ని ఇచ్చిన చోటే, ఇప్పుడు వదిలించుకోవలసినదాన్ని ఇస్తున్నాం. అందరూ అలా ఇస్తున్నారని అనను, కానీ ఆలోచించకుండా ఇచ్చేవారు తక్కువ కాదు.

2013లో సింహాచలం గోశాలలో దూడలు వరసగా చనిపోయి వార్తలకెక్కిన సంగతి విశాఖవాసులు మరిచిపోయి ఉండరు. అప్పుడు అందరి వేలూ నిర్వహణ వైపే చూపింది. నిర్వహణ బాధ్యత ఎలాగూ ఉంటుంది. కానీ నెల కూడా నిండని దూడకు ఏం జరుగుతుందో పశువుల డాక్టరును అడిగి చూడండి. పుట్టిన రోజే ముర్రుపాలు కడుపునిండా తాగకపోతే దానికి రోగాన్ని తట్టుకునే శక్తి రాదు. గడ్డి నమిలి అరిగించుకునే పొట్ట తయారు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా దానికి తల్లి పాలే దిక్కు. ఆ పాలు ఇంటి దగ్గర గిన్నెలోకి పోయి, దూడ ఆటో ఎక్కితే, దాన్ని బతికించడం ఎంత మంచి గోశాలకైనా కష్టమే.

దేశం లెక్కలు కూడా ఈ కథే చెబుతున్నాయి. 2019 పశుగణన ప్రకారం గోజాతి ఆడ పశువులు 14.5 కోట్లు. అంతకు ముందు 2012 లెక్క కంటే 18 శాతం ఎక్కువ. అదే కాలంలో గోజాతి మగ పశువులు 30 శాతం తగ్గి 4.7 కోట్లకు దిగాయి. ఆవు కడుపున ఆడా మగా సగం సగమే పుడతాయి కదా! మిగతా మగవి ఏమయ్యాయో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. విజయనగరం జిల్లా అలమండ పశువుల సంతకు ఒక వారం వెళ్లి వస్తే చాలు. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యంతో ఎద సూదులు ఇప్పుడు వచ్చాయి. సుమారు 90 శాతం పెయ్యలే పుడతాయంటున్నారు. రైతుకు అది ఊరటే. కానీ ఎద్దును పుట్టకుండా చేయడం, దాన్ని కాపాడటం ఒకటి కావు.

చట్టంలోనూ ఎద్దు రెండో వరసలోనే ఉంది. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవు వధను, ఆవుదూడ వధను పూర్తిగా నిషేధించింది. ఎద్దు సేద్యానికీ సంతతికీ పనికిరాదని ధ్రువపత్రం వస్తే మాత్రం దారి తెరిచే ఉంచింది. అంటే దూడగా ఉన్నంతకాలం రక్షణ, పని చేసినంతకాలం రక్షణ, ఆ తర్వాత ఒక కాగితం.

ఇక్కడే మతపరమైన వ్యవసాయ సమాజాల అనుభవం పనికొస్తుంది. కృష్ణభక్తుల సంస్థ ఇస్కాన్ వారు 1968లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా కొండల్లో న్యూ వృందావన్ స్థాపించారు. పాలు ఆగినా, కాడి మోయలేకపోయినా, పశువు తనంతట తాను కన్నుమూసేదాకా మేపాలన్నది వారి నియమం. చెప్పడం తేలికే. ఏటా ఆవును కట్టిస్తూ పోయి, మంద వందల్లోకి పెరిగాక, మేత భారమై ఈతలు తగ్గించుకోవలసి వచ్చింది. పాలు ఎన్ని కావాలన్న లెక్క కంటే ముసలి పశువులను ఎన్నింటిని మేపగలమన్న లెక్క ముందు వేయాలని వారికి తెలిసింది అప్పుడే. ఇంగ్లండులో ఆ పద్ధతిలో అమ్మే అహింసా పాల ధరలో దూడ పోషణ, ఒట్టిపోయిన ఆవు పోషణ కూడా కలిసి ఉంటాయి. అందుకే అవి మామూలు పాల కంటే ఎన్నో రెట్లు ప్రియం. మన ఇంటికొచ్చే పాల ప్యాకెట్ ధరలో కోడెదూడకు పైసా లేదు.

ఆ ఇంగ్లండులోనే భక్తివేదాంత మేనర్ అనే ఇస్కాన్ ఆశ్రమం ఉంది. బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ 1973లో ఇచ్చిన భవనం అది. కాలు దెబ్బతిని లేవలేకపోయిన గంగోత్రి అనే 13 ఏళ్ల ఆవుకు అక్కడి భక్తులు నెలల తరబడి సేవ చేశారు. 2007 డిసెంబరులో జంతు సంక్షేమ సంస్థ వారు పోలీసులతో వచ్చి, బాధ నుంచి విముక్తి అంటూ సూదితో దాని ప్రాణం తీశారు. హిందూ సమాజం భగ్గుమంది. నా సానుభూతి భక్తుల వైపే. అయినా ఒకటి ఒప్పుకోవాలి: మంచం పట్టిన పశువును రోజుకు ఎన్నోసార్లు పక్కకు తిప్పి, పుండ్లు కడిగి చూసుకున్నవారికే ఆ వాదన చేసే హక్కు ఉంది. మన బీచ్ రోడ్డులో ప్లాస్టిక్ సంచి నములుతున్న ఆవుకు చేయి ఆనించి కళ్లకద్దుకుని వెళ్లిపోయే మనకు లేదు.

మళ్లీ మన లెక్కకు వద్దాం. 400 కిలోల ఎద్దు రోజుకు ఎనిమిది తొమ్మిది కిలోల ఎండు మేత తింటుంది. ఏడాదికి మూడు టన్నులు. పదిహేనేళ్లు బతికితే 45 టన్నులు. తవుడు, తెలకపిండి వేరే. కోత యంత్రాలు వచ్చాక వరిగడ్డి చాలాచోట్ల పొలంలోనే నలిగిపోతోంది. పేడ, మూత్రంతోనే గోశాల ఖర్చంతా వెళ్లిపోతుందనేవారు ఉన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టుంది వారి వరస. పేడతో ఎరువు వస్తుంది, గోబర్ గ్యాస్ వస్తుంది, 45 టన్నుల గడ్డి మాత్రం రాదు. దానికి భూమి కావాలి. చుట్టుపక్కల ఐదు ఊళ్ల భూములు ఎవరివన్న పంచగ్రామాల భూసమస్యలో ఇన్నేళ్లుగా చిక్కుకున్న సింహాచలం దేవస్థానం చేతిలో చిక్కులేని చెలకలు ఉంటే ముందు పశుగ్రాసానికి కేటాయించాలి.

మేతతో పాటు పని కూడా కావాలి. దీపాలకు, ప్రసాదాలకు కావలసిన నువ్వుల నూనెలో కొంతైనా ఎద్దు గానుగలో ఆడించవచ్చు. గోశాల గడ్డిని, పేడను ఎద్దుబండ్లే మోయవచ్చు. ఇదంతా లాభసాటి అని నేననడం లేదు. దేవాలయంలో లాభం చూసి చేసే పనులు ఎన్ని? కోడెను కాడికి అలవాటు చేసే చేతులు మన్యంలో ఇంకా ఉన్నాయి. పాడేరు, అరకు వైపు గిరిజన రైతుల పొలాల్లో నాగలి ఇప్పటికీ ఎద్దుల మెడమీదే నడుస్తోంది. వారిని పిలిచి జీతమిచ్చి నేర్పించమంటే వచ్చేవారు లేకపోరు.

మొక్కుకు కూడా ఒక షరతు పెట్టి చూడవచ్చు. ఆరు నెలలు తల్లి దగ్గర పాలు తాగిన దూడనే తీసుకుంటామని, దూడతో పాటు ఏడాది మేత కూడా స్వామికే చెల్లించాలని. పూలదండతో పాటు గడ్డిమోపులు కూడా ఆటో ఎక్కవలసి వస్తే, వచ్చే చందనోత్సవం నాటికి కొండ కిందికి ఎన్ని దూడలు వస్తాయో చూడాలి.