‘ఏటీ అవదు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఏటీ అవదు’ గారికి,

విశాఖపట్నం నుంచి మీ చిరకాల ఆశ్రితుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన మర్యాద. కానీ మీరు ఎప్పుడూ కుశలంగానే ఉంటారు. కుశలం చెడేది మీ మాట నమ్మినవాళ్లకు. మిగతా జిల్లాల్లో మిమ్మల్ని ‘ఏం కాదులే’ అని పిలుస్తారని విన్నాను. మా ఉత్తరాంధ్రలో మాత్రం మీరు పిలవకుండానే వచ్చే ఇంటి మనిషి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని తాకడానికి ముందురోజు కూడా, కిటికీ పక్కనున్న మా అప్పటి కంప్యూటరును లోపలి గదిలోకి జరపాలా వద్దా అన్న చర్చలో చివరి మాట తమరిదే. ఆ కిటికీ అద్దం ముక్కలు తరువాత కీబోర్డు సందుల్లో దొరికాయి.

అది పాత కథ. ఈ శ్రావణంలో గాజువాక అద్దె ఇంటి నుంచి మధురవాడ ఫ్లాటుకు మా డెస్క్‌టాప్ కంప్యూటరును తరలించిన సందర్భంలో తమరు మా ఇంట ఎన్నిసార్లు పలికారో, పలికిన ప్రతిసారీ ఏమి ‘అయిందో’ మాత్రమే ఇక్కడ మనవి చేసుకుంటాను.

వ్యవహారం తరలింపు రోజున మొదలు కాలేదు. దానికి వారం ముందు అటక మీద మొదలైంది. కంప్యూటరు కొన్నప్పుడు క్యాబినెట్‌తో పాటు వచ్చిన అట్టపెట్టెను, దానికి రెండు వైపులా అచ్చు గుద్దినట్టు అమరే థర్మకోల్ దిమ్మలను, నాలుగేళ్ల పాటు మా నాయనమ్మ రాగి కాగు పక్కన భద్రంగా దాచాము. ఆ క్యాబినెట్ కదలకుండా పట్టే పెట్టె మాకు తెలిసి అదొక్కటే. నాలుగేళ్లు దాచినదాన్ని, సరిగ్గా పని పడబోయే వారం ముందు, అటక ఖాళీ చేస్తూ పాత సామాన్లవాడికి వేసేశాము. అతడిచ్చిన డబ్బుకు రెండు టీలు వచ్చాయి. దిమ్మలు అంతకు ముందే మా అబ్బాయి బడి ప్రాజెక్టులో శనిగ్రహంగానూ దాని వలయంగానూ మారిపోయి ఉన్నాయి. “పెట్టె లేకుండా దాన్నెలా తీసుకెళ్తారండీ?” అని మా ఆవిడ అడిగినప్పుడు నా నోటి నుంచి వెలువడినది మీరే. కనుక ఈ లేఖలోని ఫిర్యాదులన్నింటిలో మొదటి ముద్దాయి స్థానం నాకే దక్కాలి.

నాకు తెలియక జరిగిందని మాత్రం అనుకోవద్దు. తీగలు పీకే ముందు వెనుకవైపు ఫోటో తీశాను. ఒక్కొక్క తీగ చివరా మాస్కింగ్ టేపు చుట్టి, అది ఎక్కడిదో పెన్నుతో రాశాను. తెర మీదికి బొమ్మను పంపించే గ్రాఫిక్స్ కార్డును విప్పి తీయాలని కూడా నాకు తెలుసు. మా అబ్బాయి ఆటల కోసం పోరి కొనిపించిన ఆ కార్డు కిలోకు దగ్గరగా తూగుతుంది. క్యాబినెట్ నిలబడి ఉన్నంతసేపూ అది ఒక స్లాటును, ఒక చివరనున్న రెండు మరలను ఆధారం చేసుకుని, మదర్‌బోర్డు అనే ప్రధాన పలక నుంచి అడ్డంగా చూరులాగా పొడుచుకుని ఉంటుంది. బండి చక్రం గోతిలో పడిన ప్రతిసారీ ఆ బరువంతా స్లాటు మీదికే వస్తుంది. అందువల్ల దాన్ని విప్పి, యాంటీ స్టాటిక్ సంచిలో పెట్టి, ఆ పైన మెత్తగా చుట్టి, విడిగా చేతిలో తీసుకెళ్లాలి. పిల్లలు టపటపా పేల్చే ఆ బబుల్ షీటును నేరుగా కార్డుకు చుట్టకూడదు. ఆ ప్లాస్టిక్ రాపిడికి, కార్డును పాడుచేయగల స్థిర విద్యుత్తు పుడుతుంది. కార్డు విప్పడం కుదరదనుకుంటే, మదర్‌బోర్డు అడుగుకు వచ్చేలా క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టాలి. అప్పుడు కార్డు నిలువుగా నిలబడి ఊగకుండా ఉంటుంది. ఇంత తెలిసి, స్క్రూడ్రైవరు చేతపట్టి నేను వంగిన క్షణంలో, మా బావమరిది నోట తమరు సాక్షాత్కరించారు.

“ఏటీ అవదు బావా. నాలుగేళ్ల నుంచి ఊడనిది ఇయ్యాల ఊడుద్దేటి?”

తర్కానికి వంక పెట్టలేము. ఆ నాలుగేళ్లలో క్యాబినెట్ బల్ల కింది నుంచి అంగుళం కూడా కదలలేదన్న చిన్న సంగతి తప్ప అందులో లోపమేమీ లేదు. నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాను.

ఆ తరువాతి ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని కాను. మెట్ల మీద ఎదురయ్యాను. బండి వచ్చిందని కేక వినిపించి నేను కిందికి దిగాను. ఆ లోగా మా బావమరిది గోడ స్విచ్చు కట్టేసి, ప్లగ్గు పీకి, క్యాబినెట్ మీద యూపీఎస్‌ను ఎక్కించి, రెండింటినీ చంటిపిల్లవాడిలా గుండెకు హత్తుకుని బయలుదేరాడు. మానిటరు అప్పటికే విప్పేశాము కనుక తెర మీద ఏమున్నదో చూసే అవకాశం లేదు. యూపీఎస్‌కూ క్యాబినెట్‌కూ మధ్యనున్న తీగను చివరగా పీకుదామని నేనే వదిలి ఉంచాను. గడప దాటుతూ అతడు క్యాబినెట్ మూలను ద్వారబంధానికి కొట్టించాడు. మెట్ల మీద నన్ను చూడగానే ఆగి, “ఇదేటి బావా, ఇలా కూస్తంది?” అని అడిగాడు.

కూయక ఏం చేస్తుంది? గోడ కరెంటు పోయిందని యూపీఎస్ తన 12 వోల్టుల సీసపు బ్యాటరీతో పని మొదలుపెట్టి, ఆ సంగతి పది మందికీ చెబుతున్నది. లోపల కంప్యూటరు నిక్షేపంగా నడుస్తూనే ఉన్నది. ఫోటోలన్నీ దాచుకున్న పాత హార్డ్ డిస్కులోని పళ్లెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతున్నది. దాన్ని చదివే హెడ్డు, పళ్లేనికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతున్నది. కంప్యూటరును సరిగా షట్‌డౌన్ చేసి, పళ్లెం ఆగేదాకా కాసేపు ఓపిక పడితే ఆ హెడ్డు తన చోటికి వెళ్లి ముడుచుకుంటుంది. అప్పుడు కొద్దిపాటి దెబ్బకు ఏమీ కాదు. తిరుగుతుండగా ద్వారబంధానికి కొడితే మాత్రం ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. కానీ మా మెట్ల మీద తీర్పు చెప్పినది మరెవరో కాదు, తమరే.

కళాసీల గురించి ఎక్కువ చెప్పను. వాళ్ల భాషలో తమరు ఊతపదం. మానిటరును నిలువుగా, తెర వైపు దుప్పటి ఆనించి, రెండు పరుపుల మధ్య పెట్టమని నేను చెప్పినంతసేపూ వాళ్లు తల ఊపారు. ఊపుతూనే దాన్ని బోర్లా పడుకోబెట్టి, దాని మీద గ్రైండరు పెట్టబోయారు. అక్కడ మా ఆవిడ అడ్డుపడింది కనుక మానిటరు బతికింది. ఆవిడకు మీతో మొదటి నుంచీ పరిచయం తక్కువ.

టాటా ఏస్ బండి ఎన్.ఏ.డి. కూడలి దాటి తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాకల మీదుగా 20 కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. ఆషాఢంలో ఇల్లు మారకూడదని పెద్దవాళ్లు అంటే శ్రావణం దాకా మేము ఆగాము. వాన మా కోసం ఆగలేదు. ఇసుకతోట దగ్గర అందుకున్న జల్లు యెండాడ దాకా వదలలేదు. బరకం సామాను సగానికే సరిపోయింది. మిగిలిన సగంలో ఏమున్నదో, ఆ సంగతి నేను ఎత్తగానే డ్రైవరు ఏమన్నాడో తమరికి వేరే చెప్పనక్కరలేదు.

కొత్త ఇంట్లో పాలు పొంగాయి. తడి తుడిచిన వెంటనే కంప్యూటరు పెట్టేయాలని మా అబ్బాయి తొందర. సముద్రపు తేమ నిండిన ఈ ఊళ్లో, తడిసిన యంత్రాన్ని మూత తీసి, ఫ్యాను కింద ఒక పూటైనా ఆరబెట్టి, ఆ తరువాతే కరెంటు ఇవ్వాలని నేను పట్టుబట్టాను. ఆ రోజు మొత్తంలో తమరి మీద నేను గెలిచిన ఘట్టం అదొక్కటే. మరునాడు ఉదయం స్విచ్చు వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉండిపోయింది. టార్చి వేసి చూస్తే, నాలుగేళ్లు ఊడని గ్రాఫిక్స్ కార్డు ఒక చివర స్లాటు నుంచి లేచి, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం విరిగి అడుగున పడి ఉన్నది. కార్డును తిరిగి కూర్చోబెట్టి మరలు బిగించాక తెర వెలిగింది. తేదీ మాత్రం ఏదో పాత సంవత్సరపు జనవరి 1 అని చూపించి, ఏ వెబ్‌సైటూ తెరవనని భీష్మించుకుంది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. గోడ కరెంటు అందుతున్నంతకాలం ఆ చావు బయటపడలేదు. పంచాంగం చూసి, తిథి, వర్జ్యం లెక్కగట్టి గృహప్రవేశం చేయించిన యంత్రానికి కనీసం సంవత్సరం కూడా తెలియకపోవడం నాకు కొంచెం ముచ్చటగానే అనిపించింది.

ఆ ముచ్చట తీరకముందే లోపలి నుంచి టిక్కు, టిక్కు అని చప్పుడు మొదలైంది. పాత హార్డ్ డిస్కు కనిపించడం మానేసింది. విండోస్ ఉన్నది ఎస్‌ఎస్‌డీ అనే వేరే నిల్వ సాధనంలో కనుక, దానిలో తిరిగే భాగాలే లేవు కనుక, కంప్యూటరు నడుస్తున్నది, ఫోటోలు పోయాయి. విలువైన సమాచారానికి 3 ప్రతులు ఉండాలని, 2 రకాల సాధనాల మీద ఉండాలని, అందులో 1 వేరే చోట ఉండాలని తెలిసినవాళ్లు చెబుతారు. నా దగ్గర ఉన్నవి రెండే ప్రతులు. రెండవది ఒక చిన్న పోర్టబుల్ డిస్కు; దాన్ని నేను కీబోర్డుతో పాటు ఒకే సంచిలో, ఒకే బండిలో, మొదటి ప్రతికి మూరెడు దూరంలో పంపించాను. జేబులో పట్టే వస్తువు అది. నేను ఆ బండి వెనుకే స్కూటరు మీద ఖాళీ జేబులతో వెళ్లాను. అదృష్టవశాత్తు అది బతికింది. కానీ అందులోకి చివరిసారి కాపీ చేసినది సంక్రాంతికి. ఆ డిస్కు లెక్క ప్రకారం మా అబ్బాయి సంక్రాంతి తరువాత పెరగలేదు. ఈ నెలలో చేద్దాం, వచ్చే నెలలో చేద్దాం అనుకుంటూ ప్రతిసారీ నాకు నేను ఏమని చెప్పుకున్నానో తమరికే బాగా తెలుసు.

చివరి మనవి ఒకటి ఉన్నది. మూడవ రోజున క్యాబినెట్ లోహపు అంచుకు కాలి వేలు తగిలి చిమచిమలాడింది. టెస్టరు పెడితే అందులోని బల్బు మిణుకుమన్నది. కంప్యూటరు పవర్ సప్లైలో, కరెంటులోని చెత్తను క్యాబినెట్ గుండా ఎర్తుకు పంపించడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోడలో ఎర్తు లేకపోతే ఆ చెత్తకు పోవడానికి దారి ఉండదు. క్యాబినెట్ మీద 230 వోల్టులలో సగం నిలబడి ఉంటుంది. ఆ కరెంటు అతి స్వల్పం కనుక మనిషిని జిల్లుమనిపించి ఊరుకుంటుంది. నిజంగా ఏదైనా తీగ తెగి క్యాబినెట్‌కు తగిలిన రోజున మాత్రం కాపాడేవారు ఉండరు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. అతడు సాకెట్ విప్పి చూపించాడు: మూడు రంధ్రాలున్నాయి, వెనుక రెండే తీగలున్నాయి. పైనున్న పెద్ద రంధ్రం కేవలం అలంకారం. కొత్తగా ఎర్తు తీగ లాగాలంటే గోడ కొట్టాలని, వచ్చే వారం మనుషులను తీసుకొస్తానని చెప్పాడు. అప్పటిదాకా ఎలా అని అడిగాను.

అతడు నా పాదాల వైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ, “ఏటీ అవదు సార్, చెప్పులేసుకుని కూకోండి” అన్నాడు.

ఆ ‘వచ్చే వారం’ వెళ్లిపోయి ఇప్పటికి రెండు వారాలయింది. ఈ లేఖను అదే కంప్యూటరు ముందు, హవాయి చెప్పులతోనే కూర్చుని టైపు చేస్తున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
మధురవాడ నుంచి,
తమ విధేయుడు