కిటికీ ఫిల్ము గారికి ఒక పడమటి ఫ్లాటు లేఖ

మహారాజశ్రీ నల్ల ఫిల్ము గారికి నమస్కారాలు.

2012లో సుప్రీంకోర్టు మిమ్మల్ని కార్ల అద్దాల మీద నుంచి పీకించేసింది. ఇంకొకరైతే ఆ దెబ్బకి మంచం పట్టేవాళ్ళు, మీరు మాత్రం దర్జాగా లిఫ్టెక్కి మా బెడ్‌రూముల్లో సెటిలైపోయారు. అభినందనలు.

అసలు ఇక్కడ మీకు గిరాకీ పెంచింది మా వాస్తు పిచ్చే. తూర్పు గుమ్మం అనగానే సంతకం పెట్టేస్తాం, పడమర గోడ వైపు కన్నెత్తి చూడం. బిల్డరు ఆ గోడంతా అద్దాలు బిగించి 'ఫ్రెంచ్ విండో' అని పేరు పెట్టి ఇంకాస్త గుంజుతాడు. మే నెలలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినే ఉంటాడు, ఆ ఎండకి చిన్న సన్‌షేడ్ చాలు. మూడు దాటాకే అసలు కథ. వాలుగా హాల్లోకొచ్చి సోఫాలో కూర్చున్నాడంటే చీకటి పడేదాకా లేవడు, సన్‌షేడేమో పైనుంచి చూస్తూ ఉంటుంది. పాతకాలం వాళ్ళు చూరు కిందికి దించి, వసారా వేసి, వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు, అంటే ఎండని గడప బయటే నిలబెట్టేవాళ్ళు. మనం దాన్ని అద్దంలోంచి లోపలికి రానిచ్చి, ఆ తర్వాత కర్టెన్ వేస్తాం.

ఇక మీ షాపుల్లో జరిగే భాగోతం. పెట్టెలో లైటు వెలుగుతుంటుంది, దాని ముందు ఉత్త అద్దం పెట్టి 'చెయ్యి పెట్టండి సార్' అంటారు, చురుక్కుమంటుంది. మీ ముక్క అతికించిన అద్దం పెడతారు, హాయిగా ఉంటుంది. బుల్లి మీటరు తీసి 95 శాతం అంటారు. దేనిలో 95 అని అడిగితే టీ తెప్పిస్తారు. ఆ మీటరు చూసేది పరారుణ కిరణాల్లో ఒక చిన్న ముక్కని. ఎండ మోసుకొచ్చే శక్తిలో పరారుణం సుమారు సగమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం కంటికి కనిపించే వెలుగు. మొత్తం ఎండలో ఎంత ఆపుతారో చెప్పే అంకె వేరే ఉంది, టీఎస్ఈఆర్ అంటారు, అది 50 దాటితే నిజానికి మంచి ఫిల్మే. కానీ 95 చూసిన కళ్ళకి 50 ఆనుతుందా?

మీరు చేసే అసలు మంచి గురించి మాత్రం ఒక్కడూ అడగడు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని చాలావరకు ఆపినా యూవీఏ అనే రకాన్ని బాగానే వదిలేస్తుంది, కిటికీ పక్క సోఫా గుడ్డ వెలిసిపోవడంలో దాని వాటా చాలానే. మంచి ఫిల్ము దాన్ని 99 శాతం దాకా ఆపేస్తుంది, అందుకు నల్లగా ఉండాల్సిన పనే లేదు. దాదాపు ఉత్త అద్దంలా కనిపించే సెరామిక్ ఫిల్ము వేడినీ బాగానే ఆపుతుంది. ధర ఎక్కువ, పైగా వేసినట్టే కనపడదు. కనపడనిదానికి డబ్బులిస్తామా మేము? అందుకే ఉన్నవాటిలో కారునలుపుది, చవకది ఏరుకుని, పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకుని, కరెంటు ఆదా అయిందని మురిసిపోతాం. నాలుగు ఎండాకాలాలు పోయేసరికి అది ఊదారంగుకి తిరిగి బుడగలొస్తుంది. కొన్నిచోట్ల ఇంకో ముచ్చట కూడా. నల్ల ఫిల్ము వేడిని పీల్చుకుంటుంది, అద్దం నడుమ కాలిపోతుంటే ఫ్రేములో దూరిన అంచు చల్లగా ఉంటుంది, ఆ తేడాకి టప్పుమని బీటిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని విన్నాం, మీ పుణ్యమా అని కిటికీలూ ఆ జాబితాలో చేరాయి.

అద్దంలా మెరిసే ఫిల్ము, అదే మీ తమ్ముడి సంగతి వేరే చెప్పాలి. పగలు బయటివాళ్ళకి ఏమీ కనపడదని మా ఇంటి కర్టెన్లు తీసి అటక మీద పడేశాం. వెలుతురు ఎటు ఎక్కువుంటే అటే అతను అద్దమవుతాడని, చీకటిపడి మనం లైటేస్తే సీను తిరగబడుతుందని షాపువాడు చెప్పలేదు. ఎదురు బ్లాకు పిన్నిగారు లిఫ్టులో కలిసి, 'రాత్రి మళ్ళీ ఉప్మాయేనా, పాపం అబ్బాయి మొహం అలా పెట్టాడు' అన్నప్పుడు అర్థమైంది. కర్టెన్లు కిందికి దిగాయి.

ఇట్లు,
తూర్పు గుమ్మం, పడమటి బతుకు గల మీ వినియోగదారుడు

తా.క.: పొద్దున్నించీ ఒక పిచ్చుక మీ తమ్ముడిలో తన బొమ్మ చూసుకుని, పరాయి పిచ్చుకనుకుని ముక్కుతో పొడిచి చంపుతోంది. వారంటీ కాగితంలో దీని గురించి ఏమైనా ఉందా?