మహారాజశ్రీ స్టెప్నీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్టెప్నీ గారి సముఖమునకు,

మీరు వేలాడే బండికి నెలనెలా కిస్తీలు కట్టేవాడు నమస్కరించి రాసుకునే విన్నపం. పాత పద్ధతిలో 'ఉభయ కుశలోపరి' అని మొదలుపెడదామనుకున్నాను. కానీ కుశలంగా ఉన్నది మీరొక్కరే. మిమ్మల్ని మోస్తున్న డిక్కీ డోరు కుశలంగా లేదు. దాని అద్దమైతే అసలు లేనే లేదు. నా సంగతి కింద మనవి చేసుకుంటాను.

జరిగింది మీకు గుర్తుండకపోవచ్చు. దెబ్బ తిన్నవాళ్లకి గుర్తుంటుంది గానీ పక్కవాళ్లకి దాటించేసినవాళ్లకి ఎందుకుంటుంది? తణుకులో మా ఆవిడ పిన్నిగారి అమ్మాయి పెళ్లి. ఫంక్షన్ హాలు వెనక ఖాళీ స్థలంలో పార్కింగు. ముహూర్తం ముంచుకొస్తోంది. వెనక సీట్లో మా మామయ్యగారు, ఆయన పక్కన మూత సరిగా పట్టని లడ్డూల డబ్బా. వాచ్‌మన్ వెనక నిలబడి "రానీ, రానీ, రానీ" అంటున్నాడు. మన వైపు బండ్లకి తగిలే సొట్టల్లో సగం ఈ 'రానీ రానీ' పుణ్యమేనని నా అనుమానం. రానిచ్చాను. 'ఆపు' అనడానికి ఆయనకి వ్యవధి దొరకలేదు. ఆ పని 'ఢాం' చేసింది.

వెనకున్నది షామియానా సామాను దింపుతున్న మినీ లారీ. దాని వెనక పలక దించి గొలుసులతో ఆపారు, అరుగులాగా బయటికి చాచుకుని ఉంది. సెన్సర్ కూతైనా కూయలేదు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు, మంచి పనే. అయితే అవి బంపర్లో, మోకాలి ఎత్తున ఉంటాయి. తమరు బంపర్ని దాటి బయటికి పొడుచుకొచ్చి, నడుము నుంచి ఛాతీ దాకా ఆక్రమించి ఉంటారు. సెన్సర్ చూసిన ఎత్తులో లారీ కింద ఖాళీ. తమరు పోయిన ఎత్తులో ఇనుప పలక.

"ఏం కాదులే బాబూ, టైరుకే తగిలింది. అందుకే కదా దాన్ని వెనక పెట్టేది" అన్నారు మామయ్యగారు, నుదురు తుడుచుకుంటూ. ఆయన్ని అనుకుని లాభం లేదు, నేనూ అదే నమ్మకంతో ఈ బండి కొన్నాను. షోరూమ్‌లో కుర్రాడు మీ వీపు మీద చరిచి మరీ చెప్పాడు: "వెనక దెబ్బంతా ఇదే తీసేసుకుంటుంది సార్." నేను కూడా చరిచి చూశాను. గట్టిగా ఉన్నారు. కొండంత అండ అనుకున్నాను.

దిగి చూస్తే తమరు నిండు చందమామలా ఉన్నారు. కవరు మీది పులి బొమ్మకి మీసం కూడా చెరగలేదు. మీ వెనక డోరు మాత్రం వడియాల పళ్లెంలా లోపలికి పోయింది. అద్దం మొత్తం చిన్న చిన్న గళ్లుగా రాలి, లడ్డూల డబ్బాలో పడింది. కలకండ అనుకుని ఒక పిల్లాడు చెయ్యి పెట్టబోతే వాళ్లమ్మ వీపు విమానం మోత మోగించింది. ఆ దెబ్బ కూడా మీ ఖాతాలోదే.

ఇక ఆటోనగర్. అక్కడి టింకరింగ్ మేస్త్రీ ముందు నా వైపు చూడలేదు, మీ వైపే చూశాడు. కవరు విప్పి, బొటనవేలితో నొక్కి, గేజీ తెప్పించి పెట్టాడు. ఎనిమిది పౌండ్లు. ఉండాల్సింది ముప్పైకి పైన.

"దీంట్లో గాలి చూసి ఎన్నాళ్లయింది సార్?"

బండి కొని నాలుగో ఏడు నడుస్తోంది. సమాధానం ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. ఈ విషయంలో తప్పు నాదే అని ఒప్పుకుంటున్నాను గానీ, మీరు కూడా ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేదు. మిగతా నలుగురూ గాలి తగ్గితే స్టీరింగ్ లాగో, మైలేజీ తగ్గించో కబురు పెడతారు.

మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "టైరు రబ్బరండి. నొక్కితే నొక్కుకుంటది, వదిలితే మళ్లీ ఉబ్బుతది. దెబ్బని తినదు, తిప్పి కొడతది. కాస్త గట్టిగా తగిలిందనుకోండి, రబ్బరు రిమ్ము దాకా పోద్ది. రిమ్ము ఇనుము. దాని వెనక స్టాండు ఇనుము. స్టాండు నాలుగు బోల్టులతో డోరుకి ఉంది. డోరు రేకు. ఇనుము, ఇనుము, రేకు. ఎవరు లొంగుతారండీ?"

ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివి నేను తెలుసుకోనిది అదే. లెక్క వేశాను, రాత్రి నిద్ర పట్టక. బండి, మనుషులు, పెళ్లి సామాను కలిపి 1,500 కిలోలనుకుందాం. వేగం గంటకు 8 కిలోమీటర్లు, అంటే పరుగందుకోబోయే మనిషి నడక. అంత చిన్న వేగంలోనూ బండిలో ఉన్న శక్తి దాదాపు 3,700 జౌళ్లు. బండి మొత్తాన్ని జానెడు ఎత్తుకి లేపి వదిలేస్తే ఎంతో అంత. ఎదుటిది కదలకుండా, మన బండి 5 సెంటీమీటర్లలో ఆగిపోతే సగటున ఏడున్నర టన్నుల తోపు పడుతుంది. అదే 20 సెంటీమీటర్లు మెల్లగా లొంగుతూ ఆగితే రెండు టన్నుల లోపే. బండి అదే, వేగం అదే, లారీ అదే. తేడా ఆ పదిహేను సెంటీమీటర్లలో మధ్యలో ఎవరు నలిగారన్నది.

మా నాయనమ్మకి ఈ లెక్క రాదు, కానీ నెత్తిన చుట్టకుదురు లేకుండా బిందె ఎత్తుకోలేదు. బిందె పడితే ఆ పాతగుడ్డ నలగాలి, తల నలగకూడదు. మీ స్టాండు కూడా ఒక చుట్టకుదురై ఉండాల్సింది. దాన్ని మడతపడే రేకుతో చెయ్యొచ్చు, బోల్టు కన్నాన్ని పొడుగ్గా కోసి దెబ్బకి జారేలా బిగించొచ్చు, పక్కకి తెరుచుకునే ఇనుప చెయ్యి పెట్టి మీ బరువూ మీ దెబ్బా డోరు మీద కాకుండా ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, పడేలా చెయ్యొచ్చు. బంపర్ వెనక అలా నలిగే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. క్రాష్ బాక్స్ అంటారు, చిన్న డబ్బా. దెబ్బ తగలగానే హార్మోనియం తిత్తిలా మడతలు పడి చచ్చిపోతుంది, అంతటితో దాని జన్మ ధన్యం. బేలా బారెన్యీ అనే ఆయన 1950ల మొదట్లో మెర్సిడెస్ కంపెనీలో కూర్చుని బండి ముందూ వెనకా మెత్తగా, మధ్యలో మనుషులుండే చోటు గట్టిగా ఉండాలని పేటెంటు రాయించుకున్నాడు. డెబ్బయ్యేళ్లు దాటినా మనం ఇంకా కార్ల మేళాకి వెళ్లి బానెట్ మీద గుద్ది "రేకు గట్టిది" అని మురిసిపోతున్నాం.

నా బాధల్లా ఏమిటంటే, పాపం ఆ క్రాష్ బాక్స్ మీ కిందే, జానెడు దూరంలో, తన వంతు వస్తుందని కాచుకుని కూర్చుంది. దాని దాకా దెబ్బని మీరు రానిచ్చారా? మీరు ముందుకు పొడుచుకొచ్చారు, మీకే ముందు తగిలింది, మీరు వాటం చూసి డోరుకి అంటగట్టారు. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు అంటారే, మీరు మీసాలెత్తడానికొచ్చి అంబలి ఒలకబోసిన రకం.

ఇదేదో నా ఒక్కడి గోల అనుకోకండి. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే హైవే భద్రతా సంస్థ 1990లలో చిన్న ఎస్‌యూవీలను గంటకు 5 మైళ్ల వేగంతో వెనక్కి నడిపి స్తంభానికి గుద్దించింది. సరిగ్గా నా తణుకు వేగం. డోరు మీద మీవాళ్లు ఉన్న బండ్లలో దెబ్బ డోరులోకి, అద్దంలోకి పోయి రిపేరు ఖర్చు చుక్కలు చూపించింది. అంత చిన్న గుద్దుడికి బంపరే కాచుకోవాలని వాళ్ల ప్రభుత్వం కార్లకి ఒక నియమం పెట్టింది కూడా. 1982లో దాన్ని 5 మైళ్ల నుంచి రెండున్నర మైళ్లకి దించారు. ఆ దించిన నియమం కూడా ఎస్‌యూవీలకి వర్తించదు. ఇక కార్ల భద్రతకి స్టార్లిచ్చే మన భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023లో మొదలైనప్పుడు స్టార్ల కోసం బండిని ముందు నుంచి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించారు, పక్క నుంచి 50తో గుద్దారు, స్తంభానికి పక్కవాటుగా 29తో కొట్టించారు. వెనక నుంచి గుద్ది చూడటం ఆ స్టార్ల లెక్కలో లేదు. మీ అదృష్టం అలాంటిది. పరీక్ష లేని సబ్జెక్టులో ఎప్పుడూ ఫస్టే.

వంశం సంగతి కాస్త మాట్లాడుకుందాం. మనవాళ్లలో చాలామందికి ఊరి పేరే ఇంటిపేరు. మీకు వీధి పేరు వచ్చింది. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి అనే ఊళ్లో, స్టెప్నీ వీధిలో ఇనుప సామాన్ల కొట్టు పెట్టుకున్న డేవిస్ సోదరులు మిమ్మల్ని పుట్టించారు. అప్పట్లో కార్లకి అదనపు చక్రమే ఉండేది కాదు, పంక్చరైతే నడిరోడ్డు మీద కూర్చుని అతుకు వేసుకోవడమే. మీ ముత్తాత ఊచలు లేని రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రానికే ఆయన్ని బిగించి ఇంటికి పోయేవాళ్లు. ఇంగ్లండులో ఆ పేరు ఎప్పుడో మర్చిపోయారు, మనం మాత్రం వదల్లేదు. కారు లేనివాళ్లు కూడా మీ పేరు వాడతారు, ఎవరి గురించి వాడతారో ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు.

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు వెనక మీరు వేలాడారంటే అర్థం ఉంది. మన జిప్సీ వెనక, బొలెరో వెనక కూడా ఉంది. బురదలో, రాళ్లలో పోయే బండికి మిమ్మల్ని కింద కడితే బండకి తగులుతారు, లోపల పెడితే సామాను పట్టదు. నేనెక్కే పెద్ద కొండ మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి స్పీడ్ బ్రేకరు. నాకెందుకు మీరు వెనక? నిజం చెప్పేస్తాను, చూడ్డానికి. మిమ్మల్ని చూసి ట్రాఫిక్‌లో ఎవడో ఒకడు నేను వారాంతాల్లో అడవులకి పోతాననుకోవాలి.

డిక్కీ లోపల, కార్పెట్ కింద పడుకునే మీ దాయాదుల్ని మెచ్చుకోబోయి ఆగాను. వెనక నుంచి పెద్ద దెబ్బ పడితే వాళ్లూ మొండి ఇనుప పళ్లేలే, పెట్రోల్ ట్యాంకు మీదికి తోసుకుపోగలరు. అందుకే తెలివైన ఇంజనీర్లు ఆ గుంటని దెబ్బకి చక్రం వాలి తప్పుకునేలా మలుస్తారు. అంటే వాళ్ల గురించి ఆలోచించినవాడు ఒకడున్నాడు.

ఇప్పుడు బీమా. సర్వేయర్ వచ్చాడు, ఫొటోలు తీశాడు, కాగితం తీశాడు. అద్దానికి తరుగు లేదట, పూర్తిగా ఇస్తారట. రేకు మూడేళ్లు దాటింది కాబట్టి పాతిక శాతం కోత. రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ సగం కోత. ఆ పైన తప్పనిసరిగా నేను పెట్టుకోవాల్సిన వెయ్యి.

"టైరు డ్యామేజీ ఉందా?" అన్నాడు.

"లేదండీ, దానికేం కాలేదు" అన్నాను. మీ గురించి ఇంత చేదుగా నేనెప్పుడూ నిజం చెప్పలేదు.

మూడేళ్లు క్లెయిమ్ లేకుండా కాపాడుకున్న 35 శాతం బోనస్సు సున్నా అయింది. కన్నబిడ్డలా పెంచుకున్నాను దాన్ని. నువ్వు ఒక్క నిమిషంలో... క్షమించండి, కోపంలో నువ్వు అనేశాను.

మీకో శుభవార్త కూడా ఉంది, లేదా నాకు. 2020 జూలైలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే మీటరు, పంక్చర్ కిట్ ఉంటే మూడున్నర టన్నుల లోపు కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. మర్యాదగా చెప్పాలంటే స్వచ్ఛంద పదవీ విరమణ. మిమ్మల్ని విప్పేద్దామా అని మేస్త్రీని అడిగాను. ఆయన బీడీ ఆర్పి, "విప్పేస్తే ఆ స్టాండు మొండిగా బయటికి పొడుచుకొస్తది సార్. అప్పుడు లారీకి ముందు అదే తగులుద్ది" అన్నాడు. స్టాండుతో సహా తీసేస్తే డోరుకి నాలుగు కన్నాలు. సరే, ఆ నాలుగు కన్నాల కోసం మీకు కొనసాగింపు ఇచ్చాను.

కొత్త డోరు వచ్చింది. రంగు కొంచెం తేడా, ఎండలో కనిపిస్తుంది. మళ్లీ అదే స్టాండు, అవే నాలుగు బోల్టులు. నలిగే స్టాండు దొరుకుతుందా అని ఆటోనగర్ అంతా తిరిగాను. ఒక షాపతను నా మాట పూర్తిగా విని, లోపలికెళ్లి, రెట్టింపు మందం ఉన్నది తెచ్చి నా ముందు ధన్‌మని పడేశాడు. "ఇది తీస్కోండి సార్, ఏనుగు గుద్దినా వంగదు."

మీలో ముప్పై మూడు పౌండ్ల గాలి కొట్టించాను. తమరి కవరు ఉతికించాను. ఇకమీదట ఏదన్నా తగిలితే కాస్త మీరూ నలగాలని, లేదంటే కనీసం ఆ బంపర్‌కి వంతు ఇవ్వాలని ప్రార్థిస్తూ,

ఇట్లు,
తమ విధేయుడు,
మిగతా నాలుగు టైర్ల మీద తిరిగేవాడు

తా.క.: వచ్చే శుక్రవారం తణుకులోనే మా మరదలి గృహప్రవేశం. షామియానా వాళ్లు వాళ్లేనట. మామయ్యగారు ఈసారి ముందు సీట్లో కూర్చుంటానన్నారు.