సెంట్రింగ్ పోయింది సరే, ఆ రోజు ఉండే భయం కూడా పోతే ఎట్లా?

మా నెల్లూరు వైపు స్లాబ్ పోసే రోజంటే పెళ్లంత హడావుడి. తెల్లారకముందే మేస్త్రి వచ్చి సెంట్రింగ్ కింద సరుగుడు కర్రలను ఒక్కొక్కటిగా తట్టి చూస్తాడు, యజమాని టెంకాయ కొట్టి కూలీలకు భోజనాలు పెట్టిస్తాడు, చివరి తట్ట పడేదాకా అందరికీ టెన్షనే. ప్రీకాస్ట్, అంటే ఫ్యాక్టరీలో ముందే పోసి తెచ్చే కాంక్రీటు పలకలతో అంతస్తు వేసేచోట ఇదేమీ కనిపించదు. లారీ వస్తుంది, హైడ్రా అనే చక్రాల క్రేన్ ఎత్తుతుంది, నలుగురు సర్దుతారు, సాయంత్రానికి ఫ్లోర్ రెడీ. గట్టిపడ్డ కాంక్రీటే కదా వచ్చింది, ఇంకేం భయం అన్న ధీమా. నా పేచీ ఆ ధీమాతోనే.

1.2 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల మందం ఉన్న బోలు పలక టన్నున్నర పైనే తూగుతుంది. ఫ్యాక్టరీ చెప్పే బలం నిజమే, కాకపోతే అది రెండు చివర్లూ సరిగ్గా ఆని, పలకల మధ్య సందుల్లో గ్రౌట్, అంటే సిమెంటు పూత నిండి, అది గట్టిపడ్డాక వచ్చే బలం. అప్పటిదాకా దేని పలక దానిదే. పైగా వీటిలో ఉక్కు తీగలు అడుగువైపు ఉంటాయి కాబట్టి సైటులో దించి పేర్చేటప్పుడు పలకల కింద పెట్టే చెక్కలు చివర్ల దగ్గరే, ఒకదాని మీదొకటి నిట్టనిలువుగా ఉండాలి. నడిమధ్యన ఒక్క చెక్క పెడితే పైభాగం పగులుతుంది, ఆ పగులు ఎత్తేటప్పుడు ఎవరి కంటా పడదు.

అసలు కథంతా ఆనిక దగ్గర, అంటే పలక చివర గోడ మీద కూర్చునే మేర దగ్గర. ప్రీకాస్ట్ నిర్మాణాల మీద మన ప్రమాణం ఐఎస్ 15916 ప్రకారం ఇటుక గోడ మీద పలక కనీసం 100 మిల్లీమీటర్లు, కాంక్రీటు లేదా స్టీలు బీమ్ మీద 75 మిల్లీమీటర్లు ఆనాలి. తొమ్మిది అంగుళాల గోడంటే 230 మిల్లీమీటర్లు, దాని మీద అటొక పలక ఇటొక పలక కలిస్తే 200 వాటికే పోయి మిగిలేది 30, అంటే గోడ కట్టడంలో అంగుళం తేడా వచ్చిందా, ఇక చెయ్యి ఆడించే చోటే ఉండదు. నాలుగున్నర అంగుళాల గోడ మీద రెండు పలకలు కలపడమంటే ఒక్కోదానికి 57 మిల్లీమీటర్లు. అంత మాత్రం ఆనిక ఇచ్చి కింద మనుషుల్ని తిరగనిస్తే దేవుడి మీద భారమే.

ఆ మధ్య కావలి దగ్గర హైవే పక్కన ఒక షాపుల కాంప్లెక్స్ పని చూశాను. గోడ మీద నిలబడిన కుర్రాడు గాల్లో ఊగుతున్న పలకను గడ్డపారతో నెట్టి సరిచేస్తున్నాడు. నడుముకు బెల్టు ఉంది, దాని కొక్కెం మాత్రం వెనకాల ఊరికే వేలాడుతోంది. తగిలించడానికి చోటేదీ? పిల్లర్ నుంచి పిల్లర్‌కు ఒక ఉక్కు తాడు లాగితే చాలు, లేదా కింద వల కడితే చాలు. పలక ఊగకుండా కింద నుంచి పట్టుకునే తాడు కూడా లేదు, వాయుగుండం రోజుల్లో సముద్రం గాలి కొడితే ఆ పలక తెరచాపే.

హైడ్రా సంగతి సరేసరి. 14 టన్నుల బండి అని పేరు, బూమ్, అంటే ఎత్తే చెయ్యి, చాచేకొద్దీ అందులో చిన్న వంతే మిగులుతుంది. చాలా హైడ్రాలకు పక్కలకు చాచే కాళ్లుండవు, అదీ ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో, నెల్లూరు దగ్గర వరిమళ్లు పూడ్చిన లేఅవుట్లలో, మొన్నటి వాన ఆరని నేల మీద నిలబెడతాం. రెండు బెల్టులతో ఎత్తితే బెల్టుకీ పలకకీ మధ్య కోణం 60 డిగ్రీలున్నప్పుడు టన్నున్నర పలకకు ఒక్కో బెల్టు మీద దాదాపు 870 కిలోలు పడుతుంది, పొట్టి బెల్టులేసి కోణం 30కి దిగితే ఒక్కోదాని మీదా టన్నున్నర. చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ దిమ్మెలు ఎత్తేవాళ్లకు ఈ లెక్క చేతుల్లోనే ఉంటుంది, ఇళ్ల పనికొచ్చే హైడ్రా దగ్గర ఎందుకో ఈ లెక్క ఎవరూ అడగరు. క్లాంపుతో పట్టినా కింద సేఫ్టీ చైను ఉండాలి, పలక గోడకు బెత్తెడు ఎత్తులోకి వచ్చాకే దాన్ని విప్పాలి.

ఇంకోటి, హైడ్రాకు గంటల లెక్కన బాడుగ కాబట్టి తర్వాతి లారీ పలకల్ని, ఇటుకల కట్టల్ని అప్పుడే పరిచిన వాటి మీద దించేస్తారు, గ్రౌట్ పచ్చిగా ఉండగానే. ఆదా చేసింది గంట బాడుగ.

ఏ పలక ఎక్కడ, ఎంత ఆనాలి, ఏది ముందు, బండి ఎక్కడ నిలవాలి, ఇదంతా చూపే డ్రాయింగ్ అడిగితే తయారీదారులు ఇస్తారు. కావలిలో అడిగాను, ఉందన్నాడు మేస్త్రి. సిమెంటు బస్తాల గదిలో, కట్ట విప్పకుండా.