చందా కడితే వీధి రాసిచ్చినట్టేనా?

విజయవాడ బీసెంట్ రోడ్డును తలా కొంత వేసుకుని తామే బాగుచేసుకుంటామని వ్యాపారులు అంటున్నారు. సంతోషం. లైట్లు, కెమెరాలు, తాగునీళ్లు, మరుగుదొడ్లు వస్తాయంటే వద్దనేదెవరు? పండగ రద్దీలో చంటిపిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లి మరుగుదొడ్డి కోసం ఏ హోటల్ వాళ్లనో బతిమాలుకోవాల్సిన బజారది. మాకు గుబులంతా చందా వెనకాలే వచ్చే పెత్తనం గురించి.

వీధి బాగంటే ఇక్కడ ముందుగా గుర్తొచ్చేది తోపుడు బండ్లు తీయించడమే. హాకర్ల వల్ల నడవడానికి దారి లేదన్నది నిజమే, కాదనం. కానీ ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడానికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉంది. దాని కింద ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేపకూడదు, లేపాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసివ్వాలి. చందాదారుల సంఘం ఈ కమిటీ నెత్తిన కూర్చుంటే రోడ్డు మీద జాకెట్ ముక్కలు అమ్ముకునే మనిషి గోడు వినేదెవరు? ఆమె చందా ఇవ్వలేదుగా!

బ్రిటన్‌లో ఇలాంటి వాటికి 2003లో చట్టమే చేశారు. ఆ ప్రాంతపు వ్యాపార సంస్థలు ఓటేస్తేనే అదనపు సుంకం, అదీ అయిదేళ్లకు మించదు, ఆపైన మళ్లీ ఓటు. అక్కడా నడిచేవాడికి ఓటు లేదనుకోండి. మన దగ్గర ఆపాటి కట్టడి కూడా లేకుండా నాలుగు పెద్ద షాపులు, ఇద్దరు నాయకులు ఓ గదిలో కూర్చుని తేల్చేస్తే ఎలా?

ఇవాళ బీసెంట్ రోడ్డు. రేపు వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్, ఎల్లుండి కాళేశ్వరరావు మార్కెట్. మరి 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచేసిన సింగ్‌నగర్ సందుల సంగతి? అక్కడ చందా ఎవరు పోగుచేస్తారు? ‘వాళ్లు వేసుకున్నారు, మీరూ వేసుకోండి’ అనే మాట కార్పొరేషన్‌కు ఒక్కసారి అలవాటైతే ఇక డ్రైన్ పూడిక తీయమన్నా రసీదు పుస్తకమే చేతిలో పెడతారు. 2021 నుంచి ఆస్తి పన్నును మూలధన విలువ మీద, అంటే ఆస్తి ధర మీద లెక్కగట్టి వసూలు చేస్తున్నది దేనికట? వీధి దీపం ఆ పన్నులో రావాలి. చందాలో వస్తే అది చందాదారుడి దీపమే అవుతుంది, దాని కింద నిలబడేవాళ్లెవరో కూడా అతనే చెబుతాడు.

ఇంతకీ ఇరుకు ఎవరి పుణ్యం? పార్కింగ్‌కని ప్లాన్‌లో చూపిన సెల్లార్‌లో బట్టల మూటలు. కాలవ మీద షాపు మెట్లు, మెట్ల ముందు చుడీదార్ వేసిన బొమ్మ, బొమ్మ ముందు ఓనరు బండి. తన షాపు ముందు జాగాకు హాకరు దగ్గర రోజువారీ అద్దె పిండుకుంటూ, మీటింగ్‌లో మైకు పట్టుకుని ఆక్రమణలు తొలగించాలనే పెద్దమనుషులూ ఉన్నారు. అయ్యా, ముందు ఆ మెట్లు కొట్టించండి, సెల్లార్ ఖాళీ చేయండి. వాటికి చందాలు అక్కర్లేదు.